ఒకే పియానో, రెండు గొంతులు

మీ ఇంట్లో డిజిటల్ పియానో గానీ, మామూలు ఎలక్ట్రానిక్ కీబోర్డు గానీ ఉంటే ఒక చిన్న పని చేసి చూడండి. ముందుగా స్పీకరు మీద ఏదో ఒక మీట నొక్కి వినండి. తర్వాత హెడ్‌ఫోన్స్ పెట్టుకుని అదే మీటను అంతే బలంగా నొక్కండి. వాద్యం అదే, మీట అదే, వేలు అదే. కానీ వినిపించేది మాత్రం ఒకటి కాదు. హెడ్‌ఫోన్స్‌లో గంభీరంగా, దగ్గరగా, గుసగుసలా ఉన్నది స్పీకరులో పలచగా, దూరంగా, ఒక్కోసారి డబ్బా మోగినట్టుగా ఉంటుంది. మరి ఈ రెండింటిలో అసలు పియానో ఏది?

ఈ ప్రశ్న మాకు పుస్తకంలో ఎదురు కాలేదు. దెబ్బ తిన్నాకే తెలిసింది.

మా ముగ్గురివీ బదిలీ ఉద్యోగాల కుటుంబాలు. ఒకరు విశాఖపట్నం నుంచి, ఒకరు సికింద్రాబాదు నుంచి, ఒకరు గుంతకల్లు రైల్వే కాలనీ నుంచి సూరత్ వచ్చాం. ముగ్గురికీ కలిపి ఉన్నది ఒక్క డిజిటల్ పియానో. కింది ఇంటి అంకుల్‌ది నైట్ డ్యూటీ, పగలు నిద్రపోతారు. పై ఇంటి అక్క పోటీ పరీక్షలకు రాత్రిళ్లు చదువుకుంటుంది. అందుకని మా సాధనంతా హెడ్‌ఫోన్స్‌తోనే సాగింది. వార్షికోత్సవంలో బృందగానానికి పియానో వాయించే బాధ్యత మాది. ఆరు వారాలు సాధన చేశాం. చెవుల్లో అంతా అద్భుతంగా వినిపించేది.

మూడు రోజుల ముందు మైదానంలో రిహార్సల్ పెట్టారు. పియానోను మైకుసెట్టుకు కలిపారు. మొదటి స్వరానికే మా ముఖాలు మాడిపోయాయి. రేకు డబ్బా మీద వాయించినట్టుంది. ఎడమ చేతి స్వరాలు ఎక్కడా లేవు. వినబడటం లేదని ఇంకా గట్టిగా కొట్టాం. తాళం జారింది. పాడేవాళ్లు మా కోసం ఆగారు, మేం వాళ్ల కోసం ఆగాం. రెండో చరణంలో పాట పూర్తిగా తెగిపోయింది. ముందు పియానోను తిట్టుకున్నాం, తర్వాత మైకుసెట్టును, చివరికి ఒకరినొకరం. ఇంటికొచ్చి హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే పియానో ఎప్పటిలాగే చక్కగా మోగింది! తప్పు పియానోది కాదని అప్పుడు అర్థమైంది. అసలు సంగతేమిటో తెలుసుకోవాలని కూర్చున్నాం. తెలుసుకున్నది మీతో పంచుకుంటున్నాం.

తీగలు లేని పియానో

ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో బార్తొలొమేయో క్రిస్టోఫొరి అనే వాద్యాల తయారీదారు 1700 ప్రాంతంలో మొదటి పియానోను తయారు చేశాడు. అసలైన పియానోలో మీట నొక్కితే మెత్తటి ఉన్ని దిమ్మ ఉన్న చిన్న సుత్తి వెళ్లి తీగను కొడుతుంది. తీగ సన్నది కాబట్టి గాలిని ఎక్కువగా కదిలించలేదు. ఆ కంపనాన్ని ఒక పెద్ద చెక్క పలక అందుకుని గదిలోని గాలికి అందిస్తుంది. మన బొబ్బిలి వీణకు పనసకర్రతో తొలిచిన కుండ చేసే పని కూడా ఇలాంటిదే.

డిజిటల్ పియానోలో తీగలూ లేవు, పలకా లేదు. ఒక మంచి పియానో ముందు మైకులు పెట్టి ఒక్కొక్క స్వరాన్నీ మెల్లగా కొట్టినప్పుడు ఎలా ఉంటుంది, గట్టిగా కొట్టినప్పుడు ఎలా ఉంటుంది అని రికార్డు చేస్తారు. ఆ ధ్వనిని అంకెలుగా మార్చి చిప్‌లో దాస్తారు. సీడీ నాణ్యత అంటే ఒక్క సెకను ధ్వనికి ఒక్కో ఛానెల్‌లో 44,100 అంకెలు! మనం మీట నొక్కినప్పుడు అది ఎంత వేగంగా కిందికి దిగిందో సెన్సర్లు కొలుస్తాయి. ఆ వేగానికి తగిన ధ్వనిని చిప్ బయటికి తీస్తుంది. అంకెలు మళ్లీ విద్యుత్తుగా మారతాయి.

ఇక్కడి వరకూ స్పీకరుకైనా హెడ్‌ఫోన్స్‌కైనా దారి దాదాపు ఒక్కటే. తేడా అంతా ఇక్కడి నుంచి చెవి దాకా ఉన్న ఆ కొద్ది దూరంలోనే ఉంది.

చెరువులో టీ చెంచా

పియానోకు 88 మీటలు. ఎడమ చివరి మీట పౌనఃపున్యం 27.5 హెర్ట్జ్. కుడి చివరిది 4186 హెర్ట్జ్. తొమ్మిదో తరగతి ధ్వని పాఠంలో నేర్చుకున్న సూత్రం గుర్తుందా? ధ్వని వేగాన్ని పౌనఃపున్యంతో భాగిస్తే తరంగదైర్ఘ్యం వస్తుంది. 30 డిగ్రీల వేడిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 349 మీటర్లు. కాబట్టి ఎడమ చివరి స్వరం తరంగదైర్ఘ్యం 12.7 మీటర్లు. మన తరగతి గది కంటే పొడవు!

అంత పొడవైన తరంగాన్ని గది నిండా నింపాలంటే చాలా గాలిని ముందుకూ వెనక్కూ నెట్టాలి. కచేరీల్లో వాడే గ్రాండ్ పియానో పొడవు దాదాపు తొమ్మిది అడుగులు, దాని పలక ఆ పని చేయగలదు. ఇంటికి తెచ్చుకునే చిన్న డిజిటల్ పియానోలో స్పీకరు అరచేతి అంతే ఉంటుంది. యమహా పీ-45లో గానీ, రోలండ్ ఎఫ్‌పీ-10లో గానీ రెండేసి స్పీకర్లు, ఒక్కోదానికి 6 వాట్ల శక్తి. ఇంట్లో వెలిగే 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు కంటే తక్కువ. వాటితో మంద్రస్థాయి స్వరాలు పలికించబోవడం, చెరువులో టీ చెంచాతో పెద్ద అలలు లేపాలని చూడటం లాంటిది.

పైగా ఇలాంటి పియానోల్లో స్పీకర్లు చాలాసార్లు కింది వైపుకో, వెనక్కో తిరిగి ఉంటాయి. బల్ల మీద పెడితే ధ్వని బల్లను తాకి పైకి వస్తుంది. మంచం మీద పెడితే పరుపు దాన్ని మింగేస్తుంది. మేం చాలా రోజులు పియానోను మంచం మీదే పెట్టుకుని, స్పీకరు బాగా లేదని సణుక్కున్నాం.

లేని స్వరం ఎలా వినిపిస్తుంది?

ఇక్కడ ఒక వింత ఉంది. స్పీకరు 27.5 హెర్ట్జ్‌ను పలికించలేకపోయినా ఆ మీట నొక్కితే మనకు అది మంద్ర స్వరంగానే తెలుస్తుంది. ఎందుకంటే తీగ ఎప్పుడూ ఒక్క పౌనఃపున్యంతో మోగదు. 27.5తో పాటు 55, 82.5, 110, 137.5... ఇలా దాదాపు సమానమైన మెట్లుగా ఎన్నో స్వరాలు కలిసి పుడతాయి. వీటినే హార్మోనిక్స్ అంటాం. చిన్న స్పీకరు మొదటి ఒకటి రెండింటిని వదిలేసినా పైవాటిని పలికిస్తుంది. మెదడు వాటి మధ్య ఉన్న వరసను గమనించి, లేని మొదటి స్వరాన్ని తానే పూరించుకుంటుంది.

నమ్మకం కలగడం లేదా? టూరు మీద వెళ్లిన నాన్న పాత ల్యాండ్‌లైను ఫోనులో మాట్లాడటం ఊహించుకోండి. ఆ ఫోన్లు దాదాపు 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే పంపేవి. మగవారి గొంతు మూలస్వరం తరచుగా 100 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉంటుంది. అంటే ఆ మూలస్వరం ఫోనులో రానే రాదు. అయినా అది నాన్న గొంతేనని మనం గుర్తుపట్టేస్తాం. కాకపోతే ఎదురుగా కూర్చుని మాట్లాడినప్పుడు ఉండే నిండుదనం అందులో ఉండదు. చిన్న స్పీకరులో మంద్ర స్వరాలదీ అదే పరిస్థితి. స్వరం తెలుస్తుంది, బరువు తెలియదు.

చెవి దగ్గర చిటికెడు గాలి

హెడ్‌ఫోన్స్ లోపలి స్పీకరు ఇంకా చిన్నది. మరి దానిలో మంద్రం అంత నిండుగా ఎలా వస్తుంది? అది కదిలించాల్సిన గాలి కూడా చిటికెడే! గది నింపాల్సిన పని లేదు, చెవికీ దానికీ మధ్య ఉన్న గాలిని కదిలిస్తే చాలు. చెవి చుట్టూ మెత్త సరిగ్గా ఆనుకుంటే మంద్రం బాగా వస్తుంది. కళ్లజోడు కాడ వల్లనో, జుట్టు వల్లనో సందు ఏర్పడితే మంద్రం కారిపోతుంది. మాలో కళ్లజోడు ఉన్నవారికీ లేనివారికీ ఒకే హెడ్‌ఫోన్స్ వేరువేరుగా వినిపించడానికి కారణం అదే.

రెండో తేడా ఇంకా ఆసక్తికరమైనది. స్పీకరు వినేటప్పుడు ఎడమ స్పీకరు ధ్వని ఎడమ చెవికే కాదు, కుడి చెవికీ వస్తుంది. కానీ తల చుట్టి రావాలి కాబట్టి కొంచెం ఆలస్యంగా, కొంచెం మందంగా వస్తుంది. ఆ ఆలస్యం సెకనులో వెయ్యో వంతు కంటే తక్కువే. అయినా మెదడు దాన్ని పట్టుకుని ధ్వని ఏ దిక్కు నుంచి వస్తోందో చెబుతుంది. మనం తల కొద్దిగా తిప్పితే ఆ తేడా మారుతుంది. చెవి డొప్పలోని మడతలు కూడా ధ్వనికి తమ ముద్ర వేస్తాయి. వీటన్నిటి వల్ల పియానో మన ఎదురుగా ఉన్నట్టు తెలుస్తుంది.

హెడ్‌ఫోన్స్‌లో ఎడమది ఎడమ చెవికే, కుడిది కుడి చెవికే. తల తిప్పితే పియానో కూడా మనతో పాటే తిరుగుతుంది! ఇలాంటి ధ్వని మన చుట్టూ ఉన్న ప్రపంచంలో ఎక్కడా ఉండదు. అందుకే మెదడు తికమకపడి, పియానో ఎదురుగా కాకుండా తల లోపలే ఎక్కడో మోగుతున్నట్టు చెబుతుంది.

గది కూడా వాద్యమే

గోడలకు చెవులుంటాయంటారు. నిజానికి గోడలకు నోళ్లు కూడా ఉన్నాయి. స్పీకరు నుంచి వచ్చిన ధ్వనిలో నేరుగా మన చెవికి చేరేది కొంతే. మిగిలింది గోడలను, పైకప్పును, నేలను తాకి తిరిగి వస్తుంది. ఈ సంగతి బదిలీల పిల్లలమైన మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. సామానంతా లారీకి ఎక్కించాక, ఖాళీ ఇంట్లో చివరిసారి తిరుగుతూ ఏదైనా మాట అంటే అది ఎలా గంగుమంటుందో గుర్తు తెచ్చుకోండి. నిన్నటిదాకా మన గొంతు అలా మోగలేదు. పరుపులు, పరదాలు, అల్మారాలో బట్టలు ఇన్నాళ్లూ ఆ మోతను మింగుతూ వచ్చాయి.

దీన్ని మొదట కొలిచి లెక్క కట్టినవాడు అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర అధ్యాపకుడు వాలెస్ సాబిన్. 1895లో అక్కడి ఒక కొత్త ఉపన్యాస మందిరంలో మాటలు ఒకదాని మీద ఒకటి పడి ఏమీ అర్థం కావడం లేదని, సరిచేసే పని ఆయనకు అప్పగించారు. పలికిన ధ్వని అక్కడ ఐదు సెకన్లకు పైగా నిలిచి ఉండేది. సాబిన్ పక్కనున్న నాటకశాల నుంచి కుర్చీల మెత్తలు తెప్పించి, రాత్రుల వేళ వాటిని మందిరంలో పరుస్తూ, ఎన్ని మెత్తలకు ధ్వని ఎంత త్వరగా ఆగిపోతోందో కొలిచాడు. గదుల ధ్వనిశాస్త్రం అలా మెత్తలతో మొదలైంది.

మనం ఉంటున్నదేమో బట్టల ఊరు! సూరత్‌లో పరదాలకు కొదవా? కానీ ఒక విషయం గుర్తుంచుకోవాలి. పలచటి పాలిస్టరు పరదాను గట్టిగా లాగి కడితే ధ్వనిని పెద్దగా పీల్చుకోదు. మందమైన బట్టను కుచ్చులు కుచ్చులుగా, గోడకు కాస్త ఎడంగా వేలాడదీస్తే పీల్చుకుంటుంది. అది కూడా తారస్థాయి స్వరాలనే ఎక్కువగా. మంద్ర స్వరాలు బట్టకు లొంగవు.

ఆ మంద్ర స్వరాలతో గది ఇంకో ఆట ఆడుతుంది. ఎదురెదురు గోడల మధ్య దూరం 3 మీటర్లు అనుకోండి. ఆ గదిలో సగం తరంగం సరిగ్గా ఇమిడే పౌనఃపున్యం 349ని 6తో భాగిస్తే వస్తుంది, సుమారు 58 హెర్ట్జ్. 88 మీటల పియానోలో ఎడమ నుంచి 14వ మీట, ఒక నల్ల మీట, పౌనఃపున్యం కూడా దాదాపు ఇంతే. దీనికి రెట్టింపు, అంటే 116 హెర్ట్జ్ దగ్గర, మళ్లీ అలాగే జరుగుతుంది. అది 26వ మీట. 61 మీటల కీబోర్డు అయితే ఎడమ నుంచి 11వది. అలాంటి గదిలో ఈ స్వరాలు పక్కవాటి కంటే ఎక్కువగా హోరెత్తవచ్చు. పియానో వాటిని గట్టిగా వాయించలేదు, గది వాయించింది. హెడ్‌ఫోన్స్‌లో గది లేదు కాబట్టి ఆ హోరూ ఉండదు.

శబ్దం తగ్గిస్తే రంగు మారుతుంది

పొరుగువారికి ఇబ్బంది కలగకూడదని మనం స్పీకరు బాగా తగ్గించి వాయిస్తాం. అప్పుడు పియానో మరీ పలచబడుతుంది. ఇది స్పీకరు దోషం కాదు, మన చెవి తీరు. అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1933లో దీన్ని కొలిచి చూపించారు. మన చెవి మధ్యస్థాయి స్వరాలను చిన్న శబ్దంలో కూడా బాగా పట్టుకుంటుంది. మంద్ర స్వరాలకు మాత్రం ఎక్కువ శక్తి కావాలి. కాబట్టి మొత్తం శబ్దాన్ని ఒకే మేరకు తగ్గించినా, చెవికి మంద్రం ముందుగా మాయమవుతుంది. హెడ్‌ఫోన్స్‌లో పొరుగువారి బెంగ లేదు, మనం కాస్త ఎక్కువే పెట్టుకుంటాం. అందుకే అది నిండుగా తోస్తుంది.

మైదానంలో మాకేమైంది?

ఇప్పుడు మా రిహార్సల్ కథ విప్పుదాం. మొత్తం మూడు పొరపాట్లు జరిగాయి.

మొదటిది, మైదానానికి గోడలు లేవు. ధ్వనికి నిండుదనం ఇచ్చే ప్రతిధ్వనులేవీ తిరిగి రాలేదు. హెడ్‌ఫోన్స్‌లో మేం పియానోలోని కృత్రిమ ప్రతిధ్వనికీ, చెవి దగ్గరి మంద్రానికీ అలవాటుపడ్డాం. ఆ రెండూ అక్కడ లేవు.

రెండోది, పియానో ధ్వనిని రెండు మైకులతో, ఎడమ కుడి ఛానెళ్లుగా రికార్డు చేస్తారని చెప్పుకున్నాం కదా. మైకుసెట్టుకు ఉన్నది ఒక్కటే దారి. రెండు ఛానెళ్లనూ కలిపి అందులోకి పంపాం. ఒకే స్వరం రెండు మైకులకూ ఒకే క్షణంలో చేరదు. కొన్ని పౌనఃపున్యాల్లో ఒకదానిలో తరంగం పైకి లేచినప్పుడు రెండోదానిలో కిందికి దిగుతుంది. కలిపితే రెండూ కొట్టుకుపోతాయి. ఆ రేకు డబ్బా ధ్వని అలా పుట్టింది. కొన్ని పియానోలకు వెనుక ‘ఎల్/మోనో’ అని రాసిన రంధ్రం ఉంటుంది, ఇలాంటి చోట దాన్ని వాడాలి. అది లేకపోతే ఎడమ ఛానెల్ ఒక్కటే పంపినా రెండూ కలిపిన దానికంటే చాలాసార్లు మేలు.

మూడోది, తీగను హెడ్‌ఫోన్స్ రంధ్రంలో పెట్టగానే పియానో సొంత స్పీకర్లు ఆగిపోయాయి. మా స్వరం మాకు దూరంగా ఉన్న మైకుసెట్టు బాక్సుల నుంచే వినిపించాలి. 20 మీటర్ల దూరం నుంచి ధ్వని రావడానికి సెకనులో దాదాపు 17వ వంతు పడుతుంది. వినడానికి చిన్న మాటే. కానీ మేం మా స్వరాన్ని ఆలస్యంగా విని వేగం తగ్గించాం. బాక్సుల దగ్గరున్న గాయకులు మమ్మల్ని విని ఇంకా తగ్గించారు. తాళం జారకుండా ఎలా ఉంటుంది?

బ్లూటూత్ హెడ్‌ఫోన్స్‌తో పియానో వాయించి చూసినవాళ్లకు ఈ చిక్కు తెలిసే ఉంటుంది. వాటిలో ఆలస్యం తరచుగా సెకనులో పదో వంతు కూడా దాటుతుంది. పాట వినడానికి ఫరవాలేదు, వాయించడానికి పనికిరాదు. సాధనకు తీగ ఉన్న హెడ్‌ఫోన్సే వాడండి.

తయారీదారుల ఉపాయాలు

పియానోలు తయారుచేసే కంపెనీలకు ఈ తేడా బాగా తెలుసు. యమహా కొన్ని పియానోల కోసం వాయించేవారి చెవులు ఉండే చోటనే మైకులు పెట్టి, హెడ్‌ఫోన్స్‌కు ప్రత్యేకంగా ధ్వనిని రికార్డు చేసింది. హెడ్‌ఫోన్స్ తగిలించగానే పియానో ఆ ధ్వనికి మారిపోతుంది. రోలండ్, కవాయి పియానోల్లో కూడా హెడ్‌ఫోన్స్ ధ్వని తల లోపల కాక ఎదురుగా ఉన్నట్టు తోచేలా చేసే ఏర్పాట్లు ఉన్నాయి. మీ పియానోలో ఇలాంటిది ఉందేమో మాన్యువల్‌లో వెతకండి. మాన్యువల్ చదవడం మా ముగ్గురికీ చివరికి గుర్తొచ్చిన పని!

మీరూ చేసి చూడండి

1. పియానోను మంచం మీద, బల్ల మీద, స్టాండు మీద పెట్టి ఒకే పాట వాయించండి. ఏది బాగుందో ఇంట్లో వాళ్లను కళ్లు మూసుకుని చెప్పమనండి.

2. ఆర్గాన్ ధ్వని ఎంచుకుని, ఎడమ వైపు మీట ఒకటి ఒకరు నొక్కి పట్టుకోండి. మరొకరు గోడ దగ్గర నుంచి గది మధ్యకు మెల్లగా నడవండి. ఒకచోట స్వరం పెరుగుతుంది, ఒకచోట తగ్గుతుంది. తర్వాత పక్క మీటలతోనూ చూడండి. ఆ చోట్లు మారతాయి.

3. హెడ్‌ఫోన్స్‌ను ఎడమది కుడికి, కుడిది ఎడమకు పెట్టుకుని వాయించండి. ఎడమ చేతి స్వరాలు కుడి పక్క నుంచి వస్తుంటే వేళ్లు ఎలా తడబడతాయో చూడండి.

4. వారానికి ఒక్కసారైనా స్పీకరు పెట్టి, ఫోనును గది అవతలి మూల ఉంచి రికార్డు చేయండి. మీ వాయింపు ఎదుటివాళ్లకు ఎలా చేరుతోందో అప్పుడు తెలుస్తుంది.

చెవులు జాగ్రత్త

హెడ్‌ఫోన్స్ గురించి ఇంత చెప్పి, ఈ మాట చెప్పకపోతే తప్పవుతుంది. లోపలి చెవిలో ధ్వనిని పట్టుకునే సూక్ష్మమైన రోమకణాలు ఉంటాయి. పెద్ద శబ్దానికి అవి ఒకసారి నశిస్తే మనుషుల్లో మళ్లీ పెరగవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటల వరకు వినవచ్చు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగానికి తగ్గించాలి. 83 అయితే 20 గంటలు, 86 అయితే 10 గంటలే. స్పీకరు శబ్దం పెరిగితే పక్కింటివాళ్లు తలుపు కొడతారు. హెడ్‌ఫోన్స్ శబ్దం పెరిగితే చెప్పేవాళ్లెవరూ ఉండరు. అందుకే ఆ కాపలా మనమే కాయాలి.

ఈ ఊళ్లో ఆ నష్టం ఎలాంటిదో తెలుసుకోవడానికి దూరం వెళ్లనక్కర్లేదు. తెలంగాణ నుంచి వచ్చిన నేత కుటుంబాలు ఎన్నో సూరత్‌లో స్థిరపడ్డాయి. వాళ్ల పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా పాఠశాలలు నడుపుతోంది. మరమగ్గాల షెడ్లలో మోత సాధారణంగా 90 డెసిబెల్స్ దాటుతుంది. ఏళ్ల తరబడి ఆ మోతలో పనిచేసేవాళ్లకు వినికిడి తగ్గే ప్రమాదం ఎక్కువ. వాళ్లు ఆ శబ్దాన్ని బతుకుతెరువు కోసం భరిస్తున్నారు. మనం సరదా కోసం, ఒక మీట తిప్పి, అదే నష్టం కొనితెచ్చుకోవడం తెలివైన పనేనా?

చివరికి ఏం చేశాం?

మిగిలిన మూడు రోజులూ కింది అంకుల్‌ను అడిగి, ఆయన నిద్ర లేచాక సాయంత్రం గంటసేపు స్పీకరు మీద సాధన చేశాం. ఎడమ చేతి బరువు తగ్గించాం. వార్షికోత్సవం రోజున ఎడమ ఛానెల్ ఒక్కటే మైకుసెట్టుకు ఇచ్చాం. ఒక బాక్సును మా పక్కనే పెట్టమని అడిగాం. తాళం కోసం దూరపు ధ్వనిని నమ్మకుండా, బృందం ముందు నిలబడ్డ అమ్మాయి చేతినే చూస్తూ వాయించాం. పాట తెగలేదు. హెడ్‌ఫోన్స్‌లో విన్నంత అందంగా లేదు గానీ, అందరూ కలిసి పాడటానికి సరిపోయింది.

ఏది అసలు పియానో అన్న ప్రశ్నకు మాకు దొరికిన జవాబు ఇది. రెండూ అసలైనవే. హెడ్‌ఫోన్స్‌లో మన వేళ్లు చేసే తప్పులు స్పష్టంగా తెలుస్తాయి. స్పీకరులో ఆ స్వరం నలుగురి మధ్య ఎలా నిలుస్తుందో తెలుస్తుంది. ఒక్కదానితోనే సాధన చేస్తే సగమే నేర్చుకున్నట్టు.

మొన్ననే మాలో ఒకరి నాన్నకు బదిలీ ఉత్తర్వు వచ్చింది. సామాను కట్టేశారు. పియానోను చివరగా కడదామని, ఖాళీ గదిలో నేల మీద పెట్టి ముగ్గురం కలిసి ఆ పాటే వాయించాం. స్పీకరు మీద గదంతా గంగుమంది, ఇన్నాళ్లూ విన్న పాటలా లేదు. హెడ్‌ఫోన్స్‌ను ఒకరి తర్వాత ఒకరం పెట్టుకుని విన్నాం. అందులో మాత్రం మొదటి రోజు ఎలా ఉందో అలాగే ఉంది. కొత్త ఊళ్లో కొత్త గది ఈ పియానోకు ఏ గొంతు ఇస్తుందో, అక్కడికి చేరాక రికార్డు చేసి పంపమని చెప్పాం.